రొట్టె కాపలాదారు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలో మఠం వేసుక్కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. పదకొండో తరగతి ఇంగ్లీషు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషువాళ్ళు పనినీ, పనిచేసేవాళ్ళనూ ఏమేమని పిలిచేవారో అర్థాలతో సహా రాసుకురమ్మన్నారట. నేను ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. "ఎస్నె" అని తనలో తాను గొణుక్కుంటూ ఫోన్లో వెతుకుతుంటే, తలెత్తకుండానే "కూలివాడు, సగం బానిస" అన్నాను. "చర్ల్?" అంది. "కాస్త భూమీ, కాస్త స్వతంత్రమూ ఉన్న మామూలు రైతు. పోనుపోను మోటువాడని తిట్టుగా మారిపోయింది" అన్నాను. పెన్ను కిందపెట్టి, ఇంట్లోకి ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు నావైపు చూసింది. "డాడ్, హౌ డు యూ ఈవెన్ నో దట్?" అంది.

దాని ఆశ్చర్యంలో న్యాయం ఉంది. నేను కెనడాలో, మిస్సిసాగా ఎయిర్‌పోర్టు దగ్గర ఒక ట్రక్కుల కంపెనీలో లెక్కలు చూసేవాణ్ణి. ఆ లెక్కలు కూడా కాలేజీలో చదివినవి కావు. గోదాములో పెట్టెలు మోసే రోజుల్లో లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని, ఏది డెబిట్టో ఏది క్రెడిట్టో నాకు నేనే పాఠం చెప్పుకుని నేర్చుకున్నవి. అంకెలంటే నాకు గౌరవం. అవి ఎవరి నోట్లో పడినా రుచి మారవు. మాటల మీద నాకు అంత నమ్మకం లేదు, పాత మాటల మీద మరీ లేదు. అయినా ఈ ఎస్నెలూ చర్ల్‌లూ నా బుర్రలో ఉన్నాయంటే దానికి కారణం మా తోడల్లుడు. నేర్చుకుందామని నేర్చుకున్నవి కావవి. దోమ కుడితే జ్వరం వచ్చినట్టు వచ్చాయి.

మా ఆవిడ అక్కగారి భర్త ఆయన. కోస్తాలో ఒక మిషన్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి వచ్చాడు. అక్కడ ఆయన పాఠం ఎవరికి ఎంత ఎక్కిందో నాకు తెలియదు. ఇక్కడికి వచ్చాక మాత్రం ఒక్కరోజు ఎవరి దగ్గరా పనిచేయలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, ఈ దేశంలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు లేరనేవాడు. బ్యాంకులో కౌంటర్ దగ్గరి పిల్ల మర్యాదకి "హౌ ఆర్ యూ డూయింగ్?" అంటే, 'డూ' అనే మాట ఎంత పాతదో, ఏయే ఊళ్ళలో ఎలా పలికేవారో ఆ పిల్లకి చెప్పడం మొదలుపెట్టేవాడు. వెనక క్యూ తలుపు దాకా పెరిగేది. జూలై ఎండలో కూడా ఆయన భుజం మీద శాలువా ఉండేది. ఏదైనా చెప్పబోయే ముందు కళ్ళు మూసుకుని గొంతు సవరించుకునేవాడు. ఆ సవరింపు అయ్యేలోపు నేను ఒక పేజీ కూడికలు పూర్తిచేయగలను. చాలాసార్లు చేశాను కూడా.

ఇల్లు గడిపింది మా వదినగారు. టౌన్‌హౌస్ వంటగదిలో పుట్టినరోజులకీ బారసాలలకీ ట్రేల లెక్కన బిర్యానీ, పులిహోర, పూర్ణాలు చేసి ఇవ్వడం మొదలుపెట్టి, తర్వాత ఎయిర్‌పోర్టు వెనక ఒక ప్లాజాలో యూనిట్ అద్దెకు తీసుకుంది. పైన విమానాలు దిగుతుంటే లోపల గిన్నెల మూతలు టకటకలాడేవి. కంపెనీ ఆమె పేరు మీదే రిజిస్టర్ చేయించాం. ఉల్లిపాయల బిల్లుల మీద సంతకం పెట్టడం తన స్థాయికి తగదని ఆయనే అన్నాడు. పుస్తకాలు చూసిపెట్టే పని నాకు అప్పగించారు, ఇంటివాణ్ణన్న గౌరవంతో. అంటే ఉచితంగా. మా తోడల్లుడు పొద్దున పదింటికి కారు దిగి, స్టీలు బల్ల మీద వేలితో రాసి దుమ్ము ఉందేమో చూసి, ఆఫీసు గదిలో ఉన్న ఏకైక మెత్తటి కుర్చీలో కూర్చునేవాడు. ఆ కుర్చీ కూడా వదిన మోకాళ్ళ కోసం మా ఆవిడ కొన్నది.

అలా సాగుతుండగా స్టూడెంట్లు వచ్చారు. అంతకుముందు రాలేదని కాదు, కానీ అప్పుడు వచ్చినట్టు ఎప్పుడూ రాలేదు. ఏ బస్సెక్కినా వెనక సీట్లో తెలుగు వినిపించేది. మా వీధిలో బేస్‌మెంటు ఖాళీగా ఉన్న ఇల్లు లేదు. కరీంనగర్ వాళ్ళు, కర్నూలు వాళ్ళు, భీమవరం వాళ్ళు ఒకే గదిలో పరుపులు పరుచుకుని, వారం తిరిగేసరికి ఒకళ్ళ యాసలో ఒకళ్ళు తిట్టుకునేవారు. అందరి చేతిలో రెజ్యూమె, అందరి మెడలో కాలేజీ కార్డు, అందరికీ పార్ట్‌టైమ్ కావాలి. ఒక కాఫీ కొట్టు మనిషి కావాలని బోర్డు పెడితే చలిలో ప్లాజా చివరిదాకా పిల్లలు బారులు తీరేవారు. వదిన కిచెన్‌కి కూడా రోజూ ఎవరో ఒకరు వచ్చి "ఆంటీ, ఏమైనా పనుందా?" అని అడిగేవారు. ఆమె ముందు అన్నం పెట్టి, తర్వాత లేదనేది. మా తోడల్లుడికి ఈ గుంపులో తనకు ముప్పై ఏళ్ళుగా దక్కని క్లాసురూమ్ కనిపించింది.

మా బేస్‌మెంటులో అద్దెకున్న అమ్మాయిది నల్గొండ దగ్గర పల్లె. హాస్పిటాలిటీలో ఏడాది కోర్సు. మనిషి సన్నగా ఉంటుంది, పిండి ముద్ద చేతిలో పడితే మాత్రం బండరాయిని మెత్తబరిచే బలం. నేనే వదినకి చెప్పి వారాంతాల్లో పనికి కుదిర్చాను. హామిల్టన్ నుంచి బస్సులో వచ్చే గుంటూరు కుర్రాడొకడు అప్పటికే అక్కడ ఉన్నాడు. వాళ్ళిద్దరూ, ఇంకో ముగ్గురు నలుగురూ బల్ల చుట్టూ నిలబడి పుల్కాలు వత్తుతుంటే మా తోడల్లుడు మొదటి ఉపన్యాసం ఇచ్చిన రోజున నేను బిల్లుల కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను.

"లార్డ్ అంటే ఎవరు?" అని అడిగాడు. దేవుడన్నారు ఒకరు, జమీందారన్నారు ఒకరు. ఆయన కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, ఆ మాట మొదట్లో హ్లాఫ్‌వార్డ్ అనీ, అంటే రొట్టె కాపలాదారు అనీ చెప్పాడు. ఇంట్లో రొట్టెకి కాపలా ఉండేవాడు ప్రభువు. ఆయన పెట్టింది తిని ఆయన పని చేసేవాణ్ణి రొట్టె తినేవాడనేవారు. "యజమానికీ పనివాడికీ ఉన్న సంబంధం ఎంత పవిత్రమో చూశారా? మధ్యలో రొట్టె ఉంది, జీతం లేదు" అన్నాడు.

"మరి రొట్టె చేసేటోళ్ళను ఏమంటరు సార్?" అంది మా బేస్‌మెంటు అమ్మాయి, కర్ర ఆపకుండా.

"లేడీ అంటే అదే. పిండి పిసికేది అని అర్థం."

మూల నుంచి వదిన అంది, "ఆ సంగతి వెయ్యేళ్ళ పుస్తకం చూస్తేగానీ తెలియలేదా మీకు? నా చేతులు చూస్తే సరిపోయేది."

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆయన నవ్వని వాటికి తర్వాత ఏదో ఒక ఏర్పాటు చేస్తాడు. రెండు వారాలు తిరిగేసరికి ఏర్పాటు వచ్చింది. కిచెన్‌లో నాలుగు అంతస్తులు పెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళు ఎస్నెలు, వాళ్ళకి తెల్ల ఏప్రాన్. కొన్నాళ్ళు చేస్తే చర్ల్, గోధుమరంగు. పనితనం వస్తే రైట్, అంటే చేయితిరిగిన పనివాడు, నీలం. అందరికన్నా పైన స్టీవార్డ్, మెరూన్ రంగు. ఆ పైన తాను. ఆయన ఏప్రాన్ నల్లటిది, దాని మీద బంగారు దారంతో హ్లాఫ్‌వార్డ్ అని కుట్టించుకున్నాడు. దాని మీద పసుపు మరక పడగా నేను చూడలేదు. ఎస్నెకి మొదటి మూడు నెలలూ భోజనం తప్ప ఏమీ ఉండదు. అది శిక్షణ. పాతకాలంలో పనివాళ్ళ తల్లిదండ్రులే గురువుకి ఎదురు ఇచ్చుకునేవారనీ, తాను అదైనా అడగడం లేదనీ చెప్పుకునేవాడు. ఆ మూడు నెలల్లో ఉన్నవాళ్ళ పేర్లు నాకిచ్చిన కాగితాల్లో ఎక్కడా ఉండేవి కావు. శిక్షణలో ఉన్నవాళ్ళకి లెక్కెందుకనేవాడు. వాళ్ళు గిన్నెలు తోముతుండగా నేను కళ్ళారా చూస్తూనే, నా పుస్తకాల్లో మాత్రం ఆ కిచెన్‌లో గిన్నెలు వాటంతటవే తోముకునేవి. వదినని అడిగితే, "కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇక్కడ అంతేనంట కదయ్యా, ఆయనే చెప్పారు" అంది. అంతేనని ఏ చట్టంలోనూ లేదని ఆయనతోనే అన్నాను. "తమ్ముడూ, నీకు అంకెలే కనపడతాయి" అని ఆయన నన్ను క్షమించాడు.

ఇందులో నన్ను ఇంకా మండించే సంగతి మరొకటి ఉంది. ఆ పిల్లలకు ఈ పేర్లు నచ్చాయి. జీతమేదని నిలదీయాల్సిన చోట ఏప్రాన్ రంగు ఎప్పుడు మారుతుందని అడిగేవారు. మనవాళ్ళకి హోదా అంటే ఉన్న మోజు మా తోడల్లుడికి తెలిసినంతగా ఏ యజమానికీ తెలియదు. గోధుమరంగు ఏప్రాన్ కట్టుకున్న రోజున ఒకడు ఫోటో తీసి ఊరికి పంపితే, వాళ్ళ నాన్న కాలనీ అంతా స్వీట్లు పంచాడట, మా వాడు కెనడాలో చర్ల్ అయ్యాడని. వాట్సాప్‌లో అభినందనలు వెల్లువెత్తాయి. ఆ మాటకి ఇప్పుడున్న అర్థం నేను అప్పుడే మొదటిసారి వెతికి చూశాను. ఒక్క చర్ల్‌తో ఆగలేదు. పొలంలో పనిచేసేవాడి పేరు విలన్, అది దుర్మార్గుడని అయింది. పనికుర్రాడి పేరు నేవ్, అది మోసగాడని అయింది. పనిచేసినవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటిగా తిట్లయ్యాయి, రొట్టె కాపలా కాసినవాడి పేరు మాత్రం దేవుడి పక్కన కూర్చుంది. వెయ్యేళ్ళపాటు ఇంగ్లీషువాళ్ళు సాగించిన ఈ పనిని మా తోడల్లుడు ఒక ప్లాజా యూనిట్‌లో ఆరు నెలల్లో పూర్తిచేశాడు. పిల్లలు మాత్రం వాటితోనే ఆడుకునేవారు. "ఏరా ఎస్నే, స్నానం చేశావా?" అని ఒకరు, "చర్ల్‌గారూ, ఆ చెత్త కాస్త బయట పడేస్తారా?" అని ఒకరు.

ఏప్రిల్‌లో మా బేస్‌మెంటు అమ్మాయి కోర్సు అయిపోయింది. ఏడాది కోర్సుకి ఏడాది వర్క్ పర్మిట్ వస్తుంది. జూన్ మొదటి రోజున అది చేతికి అందింది, ఆ రోజే కిచెన్‌లో ఫుల్‌టైమ్ చేరింది. అప్పటికి వదిన మోకాళ్ళు బొత్తిగా మొండికేశాయి. పిండి, నూనె ఎంత తెప్పించాలో, ఎవరు ఏ పొయ్యి దగ్గర నిలబడాలో, ఫ్రిజ్ చల్లదనం సరిగ్గా ఉందో లేదో అన్నీ ఆ అమ్మాయే చూసేది. వ్యాన్ వేసుకుని 401 హైవే మీద ట్రేలు చేరవేసేది కూడా తనే. మా తోడల్లుడు ఆమెకు తెల్ల ఏప్రాన్ ఇచ్చాడు. పార్ట్‌టైమ్‌లో సంపాదించుకున్న నీలం చెల్లదట, ఫుల్‌టైమ్ శిక్షణ వేరట.

ఆగస్టు చివర ఒక శనివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి పైకి వచ్చి, మా వంటింటి గడప దగ్గర నిలబడింది. చేతిలో మా ఆవిడకి ఇద్దామని తెచ్చిన సకినాల డబ్బా.

"అంకుల్, మీకు లెక్కలు తెలుసు గదా. పీఆర్‌కి అప్లై చెయ్యాలంటే ఏడాది పని చూపియ్యాలి. జీతం తీసుకున్న పని. చదువుకునేటప్పుడు చేసింది లెక్కల రాదట. నా పర్మిట్ ఏడాదే ఉంది. ఈ మూడు నెలలు లెక్కల వస్తయా?"

రావని చెప్పాను. ఇంకోలా చెప్పడానికి దారి లేదు. ఏడాదిలోంచి మూడు నెలలు తీసేస్తే ఏడాది మిగలదు. పర్మిట్ అయిపోయాక పనిచేయకూడదు, పని లేకుండా ఏడాది నిండదు, ఏడాది నిండకుండా పీఆర్ ఇచ్చి ఇక్కడ స్థిరపడనివ్వరు. ఆ అమ్మాయి డబ్బా బల్ల మీద పెట్టి మెట్ల మీద కూర్చుంది. ఏడుస్తుందేమోనని మా ఆవిడ కంగారుగా మంచినీళ్ళు తెచ్చింది. ఏడవలేదు.

"మా తాత పటేల్ దగ్గర జీతముండె అంకుల్. జీతమంటే పేరుకే. రెండుపూటల బువ్వ, ఏడాదికో ధోతి. పటేల్ మంచోడే అంటడు మా తాత ఇప్పటికీ. పిలిచి పక్కన కూసోబెట్టుకొని మాట్లాడేటోడంట. మా నాయిన ఎకరం అమ్మి నన్ను ఈడికి పంపింది మళ్ళ గా మాటలు ఇనొద్దనే."

తర్వాతి వారం సరుకు కోసం మా తోడల్లుణ్ణి నా కారులో తీసుకువెళ్ళాల్సి వచ్చింది. 401 మీద ట్రాఫిక్ ఆగిపోయింది కాబట్టి ఆయన ఎక్కడికీ దిగిపోలేడు. సంగతి చెప్పాను. ఆ అమ్మాయిని మొదటి రోజు నుంచి జీతం మీద చూపించి, బకాయి ఇచ్చి, ప్రభుత్వానికి కట్టాల్సింది ఆలస్య రుసుముతో కడితే అంతా సక్రమంగా ఉంటుందనీ, ఆమె నిజంగా చేస్తున్నది కిచెన్ సూపర్‌వైజర్ పని కాబట్టి అలాగే కాగితం ఇవ్వొచ్చనీ అన్నాను.

"సూపర్‌వైజర్!" అన్నాడు ఆయన, నోట్లో ఏదో చేదు తగిలినట్టు. "లాటిన్ నుంచి ఊడిపడ్డ మాట తమ్ముడూ. నేను ఆ పిల్లకి స్టీవార్డ్ ఇద్దామనుకుంటున్నాను. రాజుల ఇళ్ళలో ఉండేవారు స్టీవార్డులు."

"రాజుగారి స్టీవార్డుకి పీఆర్ అక్కర్లేదు అన్నయ్యా. ఈ పిల్లకి కావాలి."

"శిక్షణ రికార్డులో ఉంటే తప్పేముంది?"

"రికార్డులో శిక్షణా లేదు. రికార్డులో ఆ అమ్మాయే లేదు."

కిటికీలోంచి బయటికి చూశాడు. ఎక్కడికీ కదలని ట్రక్కులు తప్ప చూడ్డానికి ఏమీ లేదక్కడ. అప్పుడు ఒక్క నిమిషం మాత్రం వెయ్యేళ్ళ ఇంగ్లీషు పక్కనపెట్టి మాట్లాడాడు. "కాగితం చేతికొచ్చాక ఆగుతుందా? మర్నాడే వెళ్ళిపోతుంది. మీ వదిన లేవలేకపోతోంది. నన్ను పొయ్యి దగ్గర నిలబడమంటావా?" అన్నాడు. ఆయన జీవితంలో పలికిన అతి సూటి వాక్యాలు అవేనేమో. ఆ సూటితనానికి జాలిపడదామని నేను ప్రయత్నించాను. ట్రాఫిక్ కదిలేసరికి ఆయన మళ్ళీ స్టీవార్డు మీదికి వెళ్ళిపోయాడు, నా జాలి అక్కడితో సరి.

మా తెలుగు చర్చి సంఘంలో అక్టోబరులో కోతపండుగ చేస్తాం. పొలాలు లేవు కాబట్టి కోసేదేమీ ఉండదు. బ్యాక్‌యార్డులో కాసిన సొరకాయలు, టమాటాలు, ఫ్రీజర్లో దాచిన గోంగూర తెచ్చి ముందు బల్ల మీద పెట్టి ప్రార్థన చేస్తాం. తర్వాత వాటిని వేలం వేస్తాం. కొట్లో ఎవరూ కన్నెత్తి చూడని కూరగాయ అక్కడ పెళ్ళికూతురంత ధర పలుకుతుంది. వేలం పాడించేది ఏటా మా తోడల్లుడే. మైకు ఆయన చేతిలోకి వెళ్ళడం సులువు, తిరిగి రావడమే కష్టం. ఆ ఏడు వంట మా వదిన కిచెన్‌ది. హాలు వెనక ట్రేల వరుస, వాటి వెనక పిల్లలు, గరిటెలు, ఆవిరి. వేలం దాదాపు అయిపోయింది. ఒక ముదురు సొరకాయ మాత్రం ఎవరూ పాడక మిగిలింది. అప్పుడాయన గొంతు సవరించుకుని, ట్రేల వెనకున్న మా బేస్‌మెంటు అమ్మాయిని ముందుకు పిలిచాడు. సంచిలోంచి మెరూన్ ఏప్రాన్ తీశాడు. స్టీవార్డ్ అనే మాట పుట్టుక గురించి చెప్పాల్సినంతా చెప్పి, "ఈ రోజు నుంచి ఈమె మా వంటశాల స్టీవార్డ్" అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలిసి కొట్టినవాళ్ళు ఆ హాల్లో ఎవరూ లేరు.

ఆ అమ్మాయి ఏప్రాన్ తీసుకుని, చక్కగా మడతపెట్టి, సొరకాయ పక్కన ఉంచింది. మైకు అడిగింది. కృతజ్ఞతలు చెబుతుందనుకుని ఆయన చేయి చాచి ఇచ్చాడు.

"అందరికి వందనాలు" అంది. "సార్ నాకు పేరిచ్చిన్రు. థ్యాంక్స్ సార్. నాకు పేరు వద్దు. నేను మీ కిచెన్ల ఏం పని చేస్తున్న, ఎప్పటిసంది చేస్తున్న, ఈడ అందరి ముంగట మామూలు మాటల చెప్పుండ్రి. కెనడా వాళ్ళకు గూడ అదే చెప్పుండ్రి. నాకు గంతే కావాలె."

ఆయన మైకు అందుకుని నవ్వాడు. "తల్లీ, ఆ మొదటి మూడు నెలలూ నువ్వు ఎస్నెవి. పూర్వకాలంలో ఎస్నెకి..."

"బ్రదర్, బిర్యానీ చల్లారిపోతోంది, టైమైపోతోంది" అన్నాడు ముందు వరుసలోంచి ఒక పెద్దాయన.

"నాక్కూడ టైమే అయిపోతుంది అంకుల్" అంది ఆ అమ్మాయి. మైకు లేకపోయినా హాలు చివరిదాకా వినిపించింది.

"ఎస్నెకి లెక్క ఉండదు తల్లీ, అది సంప్రదాయం" అన్నాడు మా తోడల్లుడు.

ట్రేల వెనక నుంచి గుంటూరు కుర్రాడు, "ఆకలైనా ఉంటదా సార్ ఎస్నెకి? లేకపోతే ఈ బిర్యానీ మేం తినకూడదేమో" అన్నాడు. కొందరు నవ్వారు, కొందరు ఎవరన్నారా అని వెనక్కి తిరిగారు. ఆ తిరిగిన వాళ్ళకే ముందు కనిపించింది, వదిన లేవడం. చేతులకి గ్లవ్స్, తలకి వల టోపీ, ఒక చేత్తో కుర్చీల వీపులు పట్టుకుంటూ నడిచి వచ్చింది. "అదిటివ్వండి" అంది. ఆయన ఇవ్వలేదు. ఆమె తీసుకుంది.

"ఈ పిల్ల జూన్ మొదటి రోజు నుంచి నా దగ్గర పనిచేస్తోంది. సరుకు తెప్పించేది తనే, పిల్లలతో పనిచేయించేది తనే. నేను కూర్చుంటే కిచెన్ నడిపింది తనే. శిక్షణంట, నేర్చుకోడమంట, ఆయన చెప్తే నేనూ నమ్మాను. తనకి నేర్పడానికి మా దగ్గర ఏమీ లేదు, మేమే నేర్చుకోవాలి. మొదటి రోజు నుంచీ జీతం ఇస్తాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. కంపెనీ నా పేరు మీద ఉంది." ఊపిరి తీసుకుని, "ఇంక వడ్డించండి" అంది.

వడ్డించారు. మా తోడల్లుడు శాలువా సర్దుకుని, సొరకాయ పక్కన ఇంకాసేపు నిలబడి, తనూ ప్లేటు తీసుకుని లైన్లోకి వచ్చాడు. ఆయనకి అన్నం పెట్టింది ఆ అమ్మాయే. అందరికీ పెట్టినంతే పెట్టింది.

మర్నాడు వదిన ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద నేను లెక్క సరిచేశాను. ఒక్క ఆమెది కాదు, ఆ మూడు నెలల ముళ్ళకంప దాటి వచ్చిన పిల్లలందరిదీ. వదిన ఏదీ చదవకుండా సంతకాలు పెట్టబోతే, చదివితేగానీ కుదరదన్నాను. చదివింది. చదువుతూ మధ్యలో ఒకసారి లోపలి గదివైపు చూసింది. అక్కడ తలుపు వేసి ఉంది. మిగిలిన నెలలు ఆ అమ్మాయి అదే కిచెన్‌లో పనిచేసింది, ఎందుకంటే ఏడాది నిండాలి. రంగురంగుల ఏప్రాన్‌లు గిన్నెలు పట్టుకునే గుడ్డలయ్యాయి, వాటికి మొదటిసారి మసి అంటింది. మా తోడల్లుడు కిచెన్‌కి రావడం మానేశాడు. ఆయన రాకపోవడం వల్ల ఆగిన పని ఏదైనా ఉందా అని నేను నెలవారీ పుస్తకాలన్నీ తిరగేశాను. కనపడలేదు. ఏడాది నిండింది, అప్లై చేసింది, అటునుంచి ఒకటి రెండు ప్రశ్నలు వచ్చాయి, జవాబులు వెళ్ళాయి. పీఆర్ వచ్చింది. వచ్చిన వారానికి ఎడ్మంటన్‌లో ఒక ఆస్పత్రి వంటశాలలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. కాగితం చేతికొస్తే వెళ్ళిపోతుందన్న ఆ ఒక్క విషయంలో ఆయన అంచనా తప్పలేదు. మనిషిగా ఉండనివ్వని చోటు నుంచి మనుషులు వెళ్ళిపోతారని తెలుసుకోవడానికి మిషన్ కాలేజీలో అన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పాలా?

ఇప్పుడా స్టూడెంట్ల పోటు తగ్గిపోయింది. మా వీధిలో బేస్‌మెంట్లు ఖాళీగా ఉన్నాయి. వదిన మోకాలికి ఆపరేషన్ చేయించుకుని కిచెన్ మూసేసింది. మా తోడల్లుడు మాత్రం సంఘంలో కొత్తవాళ్ళు ఎవరు కనిపించినా పక్కన కూర్చోబెట్టుకుని, ఎడ్మంటన్‌లో వంటశాల నడుపుతున్న తన మొట్టమొదటి అప్రెంటిస్ గురించి చెబుతాడు. మూడు నెలలు ఒక్క పైసా అడగకుండా తన దగ్గర పని నేర్చుకుందట. ఆ క్రమశిక్షణే ఆమెని అంతదాన్ని చేసిందట. ఏప్రాన్ మడతపెట్టిన సంగతి అందులో ఉండదు, వదిన నడిచొచ్చిన సంగతి ఉండదు. చప్పట్లు మాత్రం ఉంటాయి. పోయిన నెల వినలేక, ఫోన్ చేసి ఆ అమ్మాయికి చెప్పాను. వెనక పెద్ద పెద్ద గిన్నెల చప్పుడు. "చెప్పుకోనియ్యుండ్రి అంకుల్" అని నవ్వింది, "ఆయనకు ఇంకేముంది? ఆగుండ్రి, నాకు సూప్ పొంగుతుంది" అని పెట్టేసింది. పనిచేసేవాళ్ళని కాలం తొందరపెట్టి ముందుకు తీసుకుపోతుంది, వెనక ఏం చెప్పుకుంటున్నారో వినే తీరిక ఇవ్వదు. పనిలేనివాళ్ళ దగ్గర మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంటుంది, వాళ్ళు చెప్పిందల్లా తలూపుతూ వింటుంది.